పెద్ద సిటీ కావాలన్న అమ్మలుకి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. అమెరికా దక్షిణాదిలోని అట్లాంటా, షార్లెట్, జాక్సన్‌విల్ మూడు చోట్ల నుంచీ ఆఫర్లు వచ్చాయనీ, జీతాల్లో పెద్ద తేడా లేదనీ, వీటిలో "నిజంగా సిటీలా ఉండేది" ఏదో చెప్పమనీ రాశావు. జనాభా చూస్తే జాక్సన్‌విల్లే పెద్దది కదా అని కూడా అన్నావు. ముందు ఆ లెక్క తేల్చేద్దాం.

2020 జనగణన ప్రకారం జాక్సన్‌విల్ జనం 9,49,611. షార్లెట్ 8,74,579. అట్లాంటా 4,98,715. ఈ వరుసలో అట్లాంటా ఆఖరే. కానీ 1968లో జాక్సన్‌విల్ నగరపాలనను డ్యూవల్ కౌంటీతో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కలిపేశారు. దాంతో అడవులు, చిత్తడి నేలలతో సహా దాదాపు 1,900 చదరపు కిలోమీటర్ల నేల సిటీ లిమిట్స్‌లోకి వచ్చిపడింది. 2007లో చుట్టుపక్కల మునిసిపాలిటీలను కలుపుకుని జీహెచ్ఎంసీ ఏర్పడ్డప్పుడు హైదరాబాద్ అంకె ఎలా ఎగిరిందో తెలుసుగా, ఇదీ అదే. అట్లాంటా సిటీ హద్దు మాత్రం 350 చదరపు కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ కలిపి మెట్రో ఏరియా లెక్క తీస్తే అట్లాంటా 60 లక్షలు దాటుతుంది, షార్లెట్ 26 లక్షల పైన, జాక్సన్‌విల్ 16 లక్షలు. కాబట్టి ఏ ఊరి గురించి చదివినా సిటీ జనాభా, మెట్రో జనాభా, విస్తీర్ణం మూడూ పక్కపక్కన పెట్టుకో. ఒక్క అంకె చెప్పేవాళ్ల మాట పట్టించుకోకు.

ఇక అసలు సంగతి. మెట్రోలో 60 లక్షల మంది ఉన్నా నువ్వుండే వీధిలో సాయంత్రం ఆరు దాటాక పిట్ట కనబడకపోవచ్చు. అమెరికా దక్షిణాది ఊళ్లలో ఇది మామూలే. ఇవి ముప్పాతిక వంతు పెరిగింది కారు, ఏసీ, ఇంటర్‌స్టేట్ రోడ్లు వచ్చాకే. డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, పాత కొట్లు పడగొట్టి పార్కింగ్ స్థలాలు చేశారు. తర్వాత లేచిన టవర్లేమో వీధికి వీపు పెట్టి లోపలికి తిరిగి కూర్చున్నాయి. అట్లాంటాలో ఆర్కిటెక్టు జాన్ పోర్ట్‌మన్ కట్టిన హయత్ రీజెన్సీ హోటల్ చూడు. 1967లో తెరిచారు. లోపల 22 అంతస్తుల ఎత్తున ఖాళీ హాలు, తలెత్తి చూస్తే కళ్లు తిరుగుతాయి. బయట పేవ్‌మెంట్ మీద నిలబడితే మాత్రం కనిపించేది కాంక్రీటు గోడా, కార్లు దూరే గేటూ. పక్క టవర్లకు పైనుంచే వంతెనలు వేశారు కాబట్టి కింద నడవాల్సిన పని లేదు. షార్లెట్‌లో ఓవర్‌స్ట్రీట్ మాల్ కూడా ఇదే పద్ధతి, రెండో అంతస్తులో వంతెనల మీద కొట్లు. హ్యూస్టన్‌లో అయితే డౌన్‌టౌన్ కింద ఆరు మైళ్ల పైచిలుకు సొరంగాల్లో టిఫిన్ సెంటర్లు, సెలూన్లు పెట్టారు. ఆఫీసులు మూస్తే ఇవీ మూత పడతాయి. ఎండకు భయపడి చేసుకున్న ఏర్పాటే, తప్పు పట్టలేం. కానీ వీధిలో ఉండాల్సిన జనాన్ని ఇవి తినేశాయి.

అందుకే స్కైలైన్ ఫోటో చూసి నిర్ణయించుకోవద్దు. ఫోటోలో టవర్లు కనిపిస్తాయి గానీ వాటి కింద అంతస్తు కనబడదు, నీకు కావాల్సిందేమో అదే. కింద అంతస్తులో కొట్టు ఉందా, పార్కింగ్ డెక్ ఉందా, అద్దం వెనక ఖాళీ లాబీ ఉందా? ఒక బ్లాకు, అంటే రెండు అడ్డవీధుల మధ్య ముక్క, పొడవునా నడిచి తలుపులు లెక్కపెట్టు. జనం లోపలికీ బయటికీ తిరిగే తలుపులు ఏడెనిమిది ఉంటే ఆ బ్లాకుకు ప్రాణం ఉన్నట్టు. రెండో మూడో ఉంటే ఎంత ఎత్తు భవనమైనా అది ఆఫీసు పార్కే.

ఈ తనిఖీకి మంగళవారమో బుధవారమో వెళ్లు, రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య. ఆదివారం పొద్దున చూస్తే ఏ డౌన్‌టౌనైనా శ్మశానంలా ఉంటుంది. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు చూస్తే ఏదైనా న్యూయార్క్‌లా ఉంటుంది. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే వారాంతం డ్రాగన్ కాన్ అనే సినిమా, కామిక్స్ అభిమానుల జాతర కోసం అట్లాంటా డౌన్‌టౌన్ హోటళ్లన్నీ వేషాలు వేసుకున్న వాళ్లతో నిండిపోతాయి. ఆ మూడు నాలుగు రోజులు చూసి మురిసి ఇల్లు తీసుకుంటే మర్నాటి నుంచి బోసిగా ఉంటుంది. అన్నట్టు, అర్ధరాత్రి వాఫుల్ హౌస్ టిఫిన్ హోటల్ తెరిచి ఉంది కదా అని కూడా సంబరపడకు. అది హైవే పక్క పల్లెటూళ్లోనూ తెరిచే ఉంటుంది.

నడిచేటప్పుడు చూడాల్సింది ఇంకోటుంది. పేవ్‌మెంట్ ఉన్నట్టుండి గడ్డిలో ఆగిపోతుందా? ఆరు లేన్ల రోడ్డు దాటడానికి సిగ్నల్ అర మైలు దూరంలో ఉందా? బటన్ నొక్కితే గానీ నడిచేవాళ్ల లైటు రాదా? ఇవి ఉన్నచోట ఎదురుగా కనిపించే కిరాణా కొట్టుకు కూడా కారు తీయాల్సి వస్తుంది. జూలైలో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉక్కలో చెట్టు నీడ లేని పావు మైలు కూడా నడవలేవు. ఈ ఊళ్లలో నీడ సోకు కాదు, నడకకు మొదటి షరతు.

ఇప్పుడు నీ మూడు ఊళ్ల సంగతి. జాక్సన్‌విల్‌లో ఏరు బాగుంటుంది, సముద్రం బాగుంటుంది, కానీ నువ్వు అడిగిన సిటీ అది కాదు. డౌన్‌టౌన్‌లో స్కైవే అని 1989లో మొదలైన చిన్న పట్టాల బండి ఉంది, రెండున్నర మైళ్లు, టికెట్ లేదు. శని ఆదివారాల్లో మామూలుగా తిరగదు. ఊరి సంగతి తెలియడానికి ఆ ఒక్క ముక్క చాలు.

షార్లెట్‌లో డౌన్‌టౌన్‌ను అప్‌టౌన్ అంటారు. ట్రేడ్, ట్రయన్ వీధులు కలిసేచోట బ్యాంకు టవర్లు ఉంటాయి, ఐదింటి దాకా సందడి. నువ్వు చూడాల్సింది దక్షిణాన ఉన్న సౌత్ ఎండ్. బ్లూ లైన్ రైలు 2007లో వచ్చాక ఆ పట్టాల వెంబడే అపార్ట్‌మెంట్లు, కొట్లు లేచాయి, పక్కనే నడకదారి ఉంది. 2018లో లైన్‌ను యూనివర్సిటీ దాకా పొడిగించారు, మొత్తం 26 స్టేషన్లు. లోటు ఏమిటంటే విమానాశ్రయానికి ఈ రైలు పోదు, బస్సే. మనవాళ్లు బాగా ఉండే బ్యాలంటైన్ వైపుకీ పోదు. స్నేహితులను కలవాలన్నా కారే.

అట్లాంటాలోనూ మొత్తం ఊరు సిటీ కాదు, కొన్ని తునకలే. మార్టా అనే సిటీ రైలు 1979 నుంచి ఉంది, 38 స్టేషన్లు, విమానాశ్రయం లోపలికే వెళ్తుంది. నార్త్ ఎవెన్యూ, మిడ్‌టౌన్, ఆర్ట్స్ సెంటర్, ఈ మూడు స్టేషన్ల మధ్య తునక నాకు నచ్చింది. హై మ్యూజియం, 1929 నాటి ఫాక్స్ థియేటర్, పీడ్‌మాంట్ పార్కు, పబ్లిక్స్ కిరాణా అన్నీ నడకలో వస్తాయి. అక్కడి నుంచి తూర్పుకు నడిస్తే బెల్ట్‌లైన్ దారి. పాత రైలు పట్టాల జాడలోనే ఊరి చుట్టూ 22 మైళ్ల వలయంగా వేస్తున్నారు. సాయంత్రం అక్కడ వచ్చీపోయే జనాన్ని చూడు, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య నడుస్తున్నామన్న ఆ భావన కోసమే కదా నువ్వు అడిగేది. కొంచెం నెమ్మదైన చోటు కావాలంటే డికేటర్. అది వేరే ఊరే గానీ స్టేషన్ పైనే చౌరస్తా.

అట్లాంటాలోనే ఉత్తరాన ఉన్న బక్‌హెడ్ విషయంలో జాగ్రత్త. టవర్లున్నాయి, స్టేషన్లున్నాయి, కానీ వెడల్పాటి రోడ్లు, పార్కింగ్ డెక్కులు ఎక్కువ. బ్యూఫర్డ్ హైవే మీద కొరియా, వియత్నాం, మెక్సికో వంటలన్నీ దొరుకుతాయి, మనుషుల రకాల్లో ఊరంతటికీ అదే పెద్ద సిటీ. అయితే రోడ్డు దాటడం ప్రాణాంతకం, తినడానికి వెళ్లు, ఉండటానికి కాదు. ఇంకోటి, పీచ్‌ట్రీ అన్న పేరు చూసి అడ్వాన్సు కట్టకు. ఆ పేరుతో పదుల కొద్దీ వీధులున్నాయి. పీచ్‌ట్రీ కార్నర్స్ గ్విన్నెట్ కౌంటీలో వేరే ఊరు, పీచ్‌ట్రీ సిటీ అయితే జనం గోల్ఫ్ బండ్లలో తిరిగే మరో ఊరు.

ఆఫీసు నిజంగా ఎక్కడో హెచ్ఆర్‌ను వీధి పేరుతో సహా అడుగు. అట్లాంటా అని రాసి ఉత్తరాన శివారు ఊరు ఆల్ఫరెటాలో కూర్చోబెట్టడం మామూలే. అటువైపు రైలు నార్త్ స్ప్రింగ్స్‌తో ఆగిపోతుంది, ఆ పైన 400 హైవే మీద కారే గతి. ఆఫీసు అక్కడైతే మిడ్‌టౌన్‌లో ఉండి రోజూ అటు వెళ్లిరాగలవా అని వారం పనిదినాల్లో పొద్దున ఎనిమిదింటికి మ్యాప్‌లో సమయం చూసుకో. కమ్మింగ్, జాన్స్ క్రీక్ వైపు మన తెలుగువాళ్లు, కూరలు, బడులు అన్నీ ఉంటాయి. హాయిగానే ఉంటుంది, కాకపోతే అది సిటీ జీవితం కాదు, తెలిసే ఎంచుకో. రివర్‌డేల్ వేంకటేశ్వరస్వామి గుడికి మాత్రం ఎక్కడున్నా కారు కావాలి.

ఇల్లు చూసేటప్పుడు స్టేషన్ గేటు నుంచి తలుపు దాకా గడియారం పెట్టుకుని నడువు, పది నిమిషాలు దాటకూడదు. రైలు ఎన్ని నిమిషాలకొకటి అన్నది పగటి టైమ్‌టేబుల్‌లో కాదు, రాత్రి పది తర్వాతి దాంట్లో చూడు. మిడ్‌టౌన్ నుంచి విమానాశ్రయం దాకా పగటిపూట మార్టా రెడ్, గోల్డ్ రెండు లైన్లూ ఒకే పట్టాల మీద నడుస్తాయి, అందుకని పగలు అక్కడ ఎదురుచూపు తక్కువ. పార్కింగ్‌కు అద్దె వేరేగా వేస్తారేమో అడుగు. తొలి ఒప్పందం ఏడాదికి మించి రాయకు, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చూపించమను. నీ లిస్టులో ఉన్న అపార్ట్‌మెంట్ల అడ్రసులు, పక్క వీధి పేరుతో సహా, సంతకం పెట్టేలోపు నాకు పంపు.

ఇట్లు,
బాబాయి