టైలు ఉన్నా ఎగ్జాక్ట్ పి-విలువ వస్తుంది

8 జతల డేటాకి విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ (జతల తేడాలకి ర్యాంకులిచ్చి పోల్చే పరీక్ష) వేస్తే, టైలు (ఒకే ర్యాంకు పంచుకునే సమాన తేడాలు) ఉన్నాయని ఆర్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) హెచ్చరించి, ఎగ్జాక్ట్‌గా కాకుండా నార్మల్ ఉజ్జాయింపుతో పి-విలువ 0.0497 ఇచ్చిందని, ఎగ్జాక్ట్ విలువ ఎలా వస్తుందని అడిగారు కదా, మామూలు హద్దు 0.05కి అంత దగ్గరగా ఉంటే ఎవరికైనా టెన్షనే. పట్టికలు వెతక్కండి, అవి టైలు లేని డేటాకే.

మీ ర్యాంకులు 1, 2.5, 2.5, 4, 5, 6, 7, 8. అరలు పోవడానికి అన్నిటినీ రెట్టింపు చేయండి: 2, 5, 5, 8, 10, 12, 14, 16. ఇప్పుడు ఒక్కో సంఖ్య కె కి (1 + ఎక్స్^కె) రాసి, ఎనిమిదింటినీ సింపై, మాక్సిమా లాంటి బీజగణిత సాఫ్ట్‌వేర్‌లో గుణించి విస్తరించండి. ఎక్స్^ఎస్ గుణకమే మొత్తం ఎస్ వచ్చే మార్గాల సంఖ్య, ఒక్కో ర్యాంకు ప్లస్ గానీ మైనస్ గానీ కావచ్చు కాబట్టి అన్నీ కలిపి 256. అంతే, డిస్ట్రిబ్యూషన్ మొత్తం చేతిలో ఉన్నట్టే.

మీ నెగటివ్ ర్యాంకుల మొత్తం 3.5, అంటే రెట్టింపులో 7. ఏడు వరకు వచ్చే మొత్తాలు 0, 2, 5, 7, వాటి గుణకాలు 1, 1, 2, 2, కలిపితే 6 (ఇది నేను వేళ్ల మీదే లెక్కపెట్టాను లెండి). రెండు వైపులకీ 12/256, అంటే 0.0469.

ఆర్ వదలడం ఇష్టం లేకపోతే అందులోని కాయిన్ (coin) ప్యాకేజీ కూడా ఎగ్జాక్ట్‌గా చేస్తుంది, కానీ సున్నా తేడాలుంటే జాగ్రత్త, వాటిని అది మామూలుగా ప్రాట్ పద్ధతిలో (సున్నాలనీ కలిపి ర్యాంకులిచ్చి, తర్వాత వాటి ర్యాంకులు వదిలేయడం) చూస్తుంది, ఆర్‌లో మీరు వాడిన ఫంక్షనేమో ర్యాంకులివ్వక ముందే తీసేస్తుంది.