మంచు మీది ఆట: ఫాంటసీ హాకీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కాల్గరీ వచ్చి ఏడాదైంది. మా ఆఫీసులో ఏటా ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) మీద ఫాంటసీ లీగ్ ఆడతారు: నిజం ఆటగాళ్లతో మనమో జట్టు కట్టుకుంటే, మ్యాచుల్లో వాళ్లు చేసినదానికి మనకు పాయింట్లు. ఈసారి నన్నూ చేర్చుకున్నారు. నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. పోయిన సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లను వరసగా తీసుకుంటే సరిపోతుందా? వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చే శనివారమే, టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరిపోదండీ. ముందు మీ లీగ్ సెట్టింగ్స్ తెరిచి, వేటికి పాయింట్లు ఇస్తారో చదవండి. చాలా లీగుల్లో గోల్స్, అసిస్టులతో (గోల్‌కు దారితీసిన పాస్‌లతో) పాటు షాట్లు, పవర్‌ప్లే పాయింట్లు, హిట్స్ (ఎదుటివాణ్ణి ఢీకొట్టడం), బ్లాక్స్ (షాట్‌కు అడ్డుపడటం) కూడా లెక్కలోకి వస్తాయి. హిట్స్ లెక్కేస్తే ఒట్టావా కెప్టెన్ బ్రేడీ కచక్ లాంటివాడి విలువ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ఆ తర్వాత నేను చూసేది ఒక్కటే: కోచ్ ఆ ఆటగాణ్ణి పవర్‌ప్లేలో మొదటి ఐదుగురిలో దింపుతున్నాడా లేదా. ఇది క్రికెట్ పవర్‌ప్లే లాంటిది కాదు. అవతలి జట్టువాడు తప్పు చేసి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటే, ఐదుగురు నలుగురి మీద ఆడతారు. పాయింట్ల పంట అక్కడే.

మీ ఊరివాళ్లకు ఎడ్మంటన్ అంటే పడదని తెలుసు, అయినా దీనికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు లేదు. వాళ్ల పవర్‌ప్లే క్లిప్ ఒకటి నిదానంగా చూడండి. వాళ్ల స్టార్ మెక్‌డేవిడ్ ఎడమవైపు నుంచి పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) నడిపిస్తుంటాడు. కుడివైపు, గోల్ గీతకు బాగా దగ్గరగా, మామూలుగా ఎవరూ షాట్ కొట్టని కోణంలో ఇంకో స్టార్ డ్రైసైటిల్ కాచుకుని ఉంటాడు. వెనక, గోల్‌కు దూరంగా ఉండే నీలి గీత దగ్గర ఒక డిఫెన్స్ ఆటగాడు పక్ పంచుతుంటాడు. ఆ చోట ఉండే టైసన్ బ్యారీని 2023 ఫిబ్రవరి నెలాఖరులో నాష్‌విల్‌కు పంపేశారు. ఆ పని ఎవన్ బూషార్డ్‌కు దక్కింది. ఆ సీజన్ మొత్తానికి 40 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) చేసినవాడు తర్వాతి సీజన్‌లో 82 చేశాడు. ట్రేడ్ జరిగిన రాత్రే అతన్ని తమ ఫాంటసీ జట్టులోకి పట్టుకున్నవాళ్లు పండగ చేసుకున్నారు.

గోల్స్ లిస్టు ఎంత మోసం చేస్తుందో కూడా అదే జట్టులో చూడొచ్చు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 30 గోల్స్ కొట్టని న్యూజెంట్-హాప్కిన్స్ 2022-23లో 37 కొట్టాడు. లీగ్ మొత్తమ్మీద నూరు షాట్లకు పది గోల్స్, అటూఇటూగా. అతనికి ఆ ఏడాది పద్దెనిమిది దాకా పడ్డాయి. అలాంటి ఊపు నిలవదు. మరుసటి ఏడాది 18 గోల్స్‌తో ఆగిపోయాడు. అందుకే గోల్స్ పక్కనే షాట్ల గడి కూడా చూడండి. షాట్లు ఎక్కువ, గోల్స్ తక్కువ ఉన్న మంచి ఆటగాడు డ్రాఫ్ట్‌లో మీకు కాస్త ఆలస్యంగా, చవగ్గా దొరుకుతాడు.

ప్రశ్న: గోలీలను (గోల్ కాచేవాళ్లను) ఎప్పుడు తీసుకోవాలి? పోయినేడు నా గోలీ సగం మ్యాచులు బెంచ్ మీదే ఉన్నాడు.

జవాబు: జట్లు 32, ప్రతి జట్టుకూ ఒక్కసారికి ఒక్కడే గోలీ. అందులోనూ కొన్ని జట్లు ఇద్దరితో సగం సగం ఆడిస్తాయి. కాబట్టి ఎక్కువ మ్యాచులు ఆడే నికరమైన గోలీని ఒకణ్ణి తొలి రౌండ్లలోనే పెట్టుకోండి. 2024-25లో విన్నిపెగ్ గోలీ హెలెబక్ 47 మ్యాచులు గెలిపించి, జట్టుకు అందరికంటే విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. అలాంటివాడు ఉంటే సగం బెంగ తీరుతుంది. రెండోవాడి కోసం తొందరపడక్కర్లేదు. వరసగా రెండు రాత్రులు మ్యాచులుంటే మొదటి గోలీకి ఒక రాత్రి విశ్రాంతి ఇవ్వడం మామూలే. పొద్దుటి ప్రాక్టీసు అయ్యాక ఆ రాత్రి ఎవరు ఆడేదీ చాలావరకు తెలిసిపోతుంది, అది చూసుకోకుండా లైనప్ (ఆ రోజు మీకు పాయింట్లు తెచ్చే ఆటగాళ్ల వరస) పెట్టకండి.

ప్రశ్న: అక్కా, మా జట్టులో అందరూ మంచివాళ్లే. అయినా ఆ వారం పోటీ ముగిసే ఆదివారం లెక్క చూసేసరికి ఓడిపోతున్నాను.

జవాబు: మంగళ, గురు, శనివారాల్లో మ్యాచులు గుంపుగా ఉంటాయి తల్లీ. ఆ రాత్రుల్లో నీ లైనప్‌లో స్థానాలు చాలక నీ మంచివాళ్లలో కొందరు బెంచ్ మీదే మిగిలిపోతారు, వాళ్లు చేసిన పాయింట్లు నీకు రావు. సోమ, బుధ, శుక్రవారాల్లోనేమో నీ స్థానాలు ఖాళీగా ఉంటాయి. జట్టులో చివరి ఆటగాడి మీద మమకారం పెట్టుకోకు. ఆదివారం రాత్రి వచ్చే వారం షెడ్యూల్ తీసి, ఆ ఖాళీ రోజుల్లో ఎక్కువ ఆడే జట్టు నుంచి ఒకణ్ణి తెచ్చుకో, వారం అయ్యాక మార్చెయ్.