విమానంలో డ్యూటీ చేసేవారికి యాక్సిడెంట్ పాలసీ సరిపోతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారు ఎయిర్‌ఫోర్సులో సార్జెంటు. ఏఎన్-32 రవాణా విమానంలో సిబ్బందిగా వెళ్తుంటారు. దిగబోతూ కూలిపోయిన మిలిటరీ విమానం గురించి టీవీలో చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. 50 లక్షల యాక్సిడెంట్ పాలసీ చాలు, ప్రీమియం కూడా బాగా తక్కువ అంటున్నాడు తెలిసిన ఏజెంటు. విశాఖలో కొన్న ఫ్లాటు మీద 28 లక్షల లోన్ ఉంది. బాబుకి నాలుగేళ్లు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ భయం అర్థంలేనిదని అనను. 1999 మార్చి 7న ఢిల్లీలో దిగబోతూ ఏఎన్-32 ఒకటి కూలితే, విమానంలోవాళ్లతో పాటు కింద ఉన్నవాళ్లూ పోయారు. కానీ ఆ భయానికి ఈ పాలసీ మందు కాదు.

ఏజెంటు ఇచ్చిన కరపత్రం పక్కన పెట్టి, పాలసీ పత్రంలో ‘మినహాయింపులు’ అన్న పేజీ తీయండి. విమాన ప్రమాదం అంటే మామూలు విమానంలో ప్రయాణికుడిగా వెళ్తున్నప్పుడు జరిగినదే అని చాలా యాక్సిడెంట్ పాలసీల్లో ఉంటుంది. గడువులోపు మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే టర్మ్ పాలసీకి అదనంగా తగిలించే యాక్సిడెంట్ కవర్లదీ (రైడర్లు) ఇదే తీరు. సిబ్బందిగా ఎక్కినా, సైనిక విధుల్లో ఉన్నా వర్తించదని రాసేస్తారు. అంటే మీరు దేనికి భయపడుతున్నారో సరిగ్గా దానికే డబ్బు రాదు. ప్రీమియం అంత తక్కువ ఎందుకో మరి!

మీకు కావాల్సింది ఏ రైడరూ లేని టర్మ్ పాలసీ. లోన్ ఉంది కాబట్టి కోటికి తగ్గకుండా తీసుకోండి. ఉద్యోగం దగ్గర ‘ప్రభుత్వోద్యోగి’ అని రాసి సరిపెట్టొద్దు. విమాన సిబ్బంది అని వివరంగా రాయించండి. ప్రీమియం కొంత పెంచుతారు, పెంచనివ్వండి. దాచిపెడితే మూడేళ్ల లోపు వచ్చే క్లెయిమ్‌ను కంపెనీ తిరగదోడగలదు. పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయిస్తే ఆ డబ్బు మీకూ బాబుకే. అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు.

ఇక ఇప్పటికే ఉన్నవి చూడండి. ఎయిర్‌ఫోర్స్ గ్రూప్ ఇన్సూరెన్స్‌కు జీతంలోంచి నెలనెలా కోత పడుతూనే ఉంటుంది. డ్యూటీలో ప్రమాదవశాత్తూ పోతే కేంద్రం 25 లక్షల ఎక్స్‌గ్రేషియా (ఒకేసారి ఇచ్చే సాయం) ఇస్తుంది. మూల వేతనం, మిలిటరీ సర్వీసు పే వంటివి కలిపిన మొత్తంలో 60 శాతం స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్‌గా వస్తుంది. ఆ మొత్తం 50 వేలైతే పెన్షన్ 30 వేలు, ఆపైన డీఏ. జీతం ఖాతా సైనికుల కోసం బ్యాంకులిచ్చే డిఫెన్స్ ప్యాకేజీలో ఉంటే బ్యాంకు తరఫున ప్రమాద బీమా కూడా ఉండొచ్చు. ఏ ప్రమాదాలకు, ఎంత, ఎన్నాళ్లలోగా క్లెయిమ్ చేయాలి అని బ్రాంచిలో అడిగి కాగితం మీద రాయించుకోండి.

మీ వైపు నేను ఎక్కువగా చూసే చిక్కు పేర్లది. సర్వీసు రికార్డులో ఇంటిపేరు ముందుంటుంది. ఒడిశాలో తీసిన ఆధార్‌లో చివరికి పోతుంది. బ్యాంకులో ఒక్క అక్షరంగా మిగులుతుంది. మీ పేరు మూడు చోట్లా ఒకేలా ఉండేట్టు మావారు సెలవుకి వచ్చినప్పుడే చేయిద్దాంలే అనుకోకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. నామినీ పేరూ చూడమనండి. పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరే ఇంకా ఉండిపోయిన ఇళ్లు బోలెడు.

ఏజెంటుకి డబ్బు కట్టేశారా? పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా అయితే రద్దు చేసుకోవచ్చు. కొద్దిగా కోసుకుని మిగతాది వెనక్కిస్తారు.