జిప్సీ ట్రాన్స్‌ఫర్ బాక్సును ఇంటి దగ్గరే విప్పవచ్చా?

ప్రశ్న: మాకు పాడేరు దగ్గర కాఫీ తోట ఉంది. తోటలోకి వెళ్లి రావడానికి 2004 మోడల్ మారుతీ జిప్సీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏ గేరులో నడిపినా కింది నుంచి ఊళలాంటి శబ్దం వస్తోంది. ట్రాన్స్‌ఫర్ బాక్సు (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) దగ్గర నూనె బొట్లు పడుతున్నాయి. గెడ్డ దాటి ఎత్తు ఎక్కేటప్పుడు 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే తక్కువ వేగపు గేరులో) వేసిన లీవరు న్యూట్రల్‌లోకి తన్నేస్తోంది. మెకానిక్ బాక్సు మొత్తం మార్చాలంటున్నారు. మా బావమరిదికి పంపుసెట్లు, పవర్ టిల్లర్లు విప్పి బిగించిన అనుభవం ఉంది. మేమిద్దరం కలిసి ఈ పని చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: చేసుకోవచ్చు. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ బాక్సు గేరుబాక్సుకు అతుక్కుని ఉండదు. విడిగా ఛాసిస్‌కు మూడు రబ్బరు మౌంటింగుల మీద బిగించి ఉండి, ఒక పొట్టి ప్రొపెల్లర్ షాఫ్టు (తిరుగుతూ శక్తిని చేరవేసే కడ్డీ) ద్వారా గేరుబాక్సు నుంచి శక్తిని అందుకుంటుంది. కాబట్టి గేరుబాక్సును కదపకుండానే దాన్ని దించవచ్చు. అయితే మీరు చెప్పిన మూడు లక్షణాలకూ కారణం ఒకటే కానక్కరలేదు కనుక, పానా పట్టుకునే ముందు ఒక పూట పరీక్షలకు కేటాయించండి.

ముందుగా శబ్దం సంగతి. ఈ బాక్సులో హై గేరు నిష్పత్తి (లోపలికి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే బయటికి పోయేది ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క) 1.409, లో గేరుది 2.268; ఏదీ 1 కాదు. అంటే మామూలు రోడ్డు మీద 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి అందే హై గేరులో) వెళ్తున్నా శక్తి నేరుగా వెనక్కి పోదు, కౌంటర్ గేరు (మధ్యలో ఉండే పళ్ల చక్రాల వరస) మీదుగానే పోతుంది. అందువల్ల కొంత ఊళ ఈ బండికి పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని పూర్తిగా పోగొట్టాలని ప్రయత్నించకండి. అది అరుగుదల వల్ల వస్తున్న శబ్దమేమో తేల్చుకోవాలంటే, సమతలమైన చోట బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, ట్రాన్స్‌ఫర్ లీవరును న్యూట్రల్‌లో ఉంచి, గేరుబాక్సును నాలుగో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదలండి. బండి కదలదు కానీ ట్రాన్స్‌ఫర్ బాక్సులో ఇన్‌పుట్ షాఫ్టు, కౌంటర్ గేరు తిరుగుతుంటాయి. అప్పుడు గరగర వినిపిస్తే వాటి బేరింగులను అనుమానించాలి. బండి నడిచేటప్పుడు మాత్రమే వినిపిస్తే అవుట్‌పుట్ బేరింగులో, డిఫరెన్షియలో, ఒక్కోసారి వట్టి టైర్లో కారణమై ఉండవచ్చు.

లీవరు తన్నేయడానికి నేను మొదట నింద మోపేది రబ్బరు మౌంటింగుల మీదే. రబ్బరు చీలిపోతే లోడు పడినప్పుడల్లా బాక్సు ఒరుగుతుంది, నేలలోంచి పైకి వచ్చిన లీవరు అంచుకు తగిలి పక్కకు జరుగుతుంది. బాక్సు కింద చెక్కముక్క పెట్టి జాకీతో కొద్దిగా ఎత్తి చూడండి. ఇనుము, రబ్బరు విడిపోయి మధ్యలో సందు కనిపిస్తే మూడింటినీ ఒకేసారి మార్చండి. నా అంచనాలో మీ ఖర్చు ఇక్కడితోనే ఆగిపోయే అవకాశం బాగా ఉంది.

మౌంటింగులు మార్చినా తన్నేస్తుంటేనే బాక్సును దించాలి. నూనె వంపి, మూడు ప్రొపెల్లర్ షాఫ్టుల ఫ్లాంజీల (బోల్టులతో కలిపే బిళ్లల) మీద పెయింటుతో గుర్తు పెట్టుకుని, స్పీడోమీటరు కేబులు, ఫోర్‌వీల్ దీపం తీగ ఊడదీసి, లీవరు తీసి, జాకీ మీద దించండి. షాఫ్టులు విప్పాక గేరులో వేసినంత మాత్రాన బండి నిలవదు, దిమ్మలు తీయకండి. కేసు విడదీసే ముందు గేర్లు మార్చే ఫోర్కు షాఫ్టులను పట్టి ఉంచే స్ప్రింగులను, వాటి కింది ఉక్కు గోళీలను బయటికి తీయాలి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక గోళీ ఎగిరిపోయి, మర్నాడు బియ్యం డబ్బా వెనక అయస్కాంతానికి దొరికింది. లోపల ఫోర్కు కొసలు, స్లీవు (గేరును షాఫ్టుకు కలిపే జారుడు తొడుగు) పళ్లు చూడండి. కొత్త పళ్ల అంచులు చేతికి పదునుగా తగులుతాయి. సబ్బుముక్క అంచులా గుండ్రపడితే వాటిని మార్చక తప్పదు.

నూనె కారడానికి ముందూ వెనకా ఉన్న అవుట్‌పుట్ సీళ్లు (షాఫ్టు చుట్టూ నూనెను ఆపే రింగులు) ఒక కారణం, కౌంటర్ షాఫ్టు చివరి రబ్బరు రింగు మరొక కారణం. కొత్త సీలు కొట్టే ముందు ఫ్లాంజీ మీద పాత సీలు ఒరిసిన చోట గోటితో గీసి చూడండి. గోరు గాడిలో ఆగితే కొత్త సీలు కూడా నాలుగు నాళ్లకే కారుతుంది కనుక ఫ్లాంజీని కూడా మార్చండి. పైనున్న బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే దారి) బురదతో మూసుకుపోయినా లోపలి ఒత్తిడికి నూనె సీళ్లలోంచి వస్తుంది. గెడ్డలు దాటే బండిలో ముందు చూడవలసింది అదే. వంపిన నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం.

తిరిగి పోయవలసింది 0.8 లీటరు తొంభై నంబరు గేరు నూనె, అంటే నింపే రంధ్రం అంచు వరకు. మరొక్క విషయం: ఈ బండికి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే ఏర్పాటు) లేదు. ఘాట్ రోడ్డు తారు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే హై గేరులో) వెళ్తే మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు నడిచే దూరంలో తేడా పడి, ఆ మెలి అంతా ఈ గేర్ల మీదే పడుతుంది, లీవరు కూడా బిగుసుకుపోతుంది. అలా బిగిస్తే లీవరును బలవంతంగా లాగకుండా తిన్నగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే వదులుతుంది.