‘హతసాక్షి’ అనొచ్చా?

సందేహం: జనవరి 20న మా చర్చిలో సెబస్టియన్ గారి పండగ. కరపత్రంలో ‘హతసాక్షి’ అని వేశారు. బాణాలు తగిలినా బతికిన సైనికుణ్ణి అలా అనొచ్చా? ‘అమరవీరుడు’ అంటే పోదా?

సమాధానం: బాణాలకి చావలేదు నిజమే, కానీ కథ అక్కడితో అయిపోలేదు కదండీ. రోము చక్రవర్తి డయొక్లీషియన్ అంగరక్షక దళంలో ఉంటూ చెరలో ఉన్న క్రైస్తవులకి ధైర్యం చెప్తున్నాడని తెలిసి బాణాలు వేయించారు, చచ్చాడనుకుని వదిలేశారు, పూడ్చిపెడదామని వచ్చిన ఐరీన్ అనే వితంతువు ఊపిరి ఆడుతోందని చూసి ఇంటికి తీసుకెళ్లి గాయాలు మాన్పింది. తేరుకున్నాక పారిపోయాడా? లేదు, చక్రవర్తికే ఎదురుపడి మొహం మీద కడిగేశాడు. ఈసారి కర్రలతో కొట్టి చంపి మురుగుకాలవలో పడేశారు. ఇదంతా తర్వాతివాళ్లు రాసిన కథ, గట్టి ఆధారమంటే 354 నాటి రోము హతసాక్షుల జాబితాలో జనవరి 20న ఉన్న పేరూ సమాధి చోటూను. కథ ప్రకారం చూస్తే మొదట సాక్షి, తర్వాత హతసాక్షి.

సమాసానికేం ఢోకా లేదు, హతుడైన సాక్షి, కర్మధారయం. బహువ్రీహి చేస్తే మాత్రం సాక్షిని పోగొట్టుకున్న కోర్టు కేసు అవుతుంది! ‘సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్’ అన్నాడు పాణిని, అంటే స్వయంగా కళ్లారా చూసినవాడే సాక్షి. మరి టీవీల్లో ఈ ‘ప్రత్యక్ష సాక్షి’ ఏంటండీ, చూడకుండా సాక్షులయ్యేవాళ్లు వేరే ఉన్నారా? పోతన గజేంద్రుడి చేత ‘సకలార్థసాక్షి యగు నయ్యకలంకుని’ అనిపించాడు, జగాల్ని ఓసారి వెలికి తెచ్చి ఓసారి లోపలికి తీసుకుంటూ అన్నీ చూసే వాడు, ఏదీ అంటనివాడు. ఆ ఒక్క ‘అకలంక’ చాలు, నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. సెబస్టియన్ ఆ రకం సాక్షి కాదు, చూసింది చెప్పి దెబ్బలు తిన్న సాక్షి. ఇంగ్లీషు ‘మార్టర్’కి మూలమైన గ్రీకు ‘మార్తుస్’ కూడా మొదట కోర్టు సాక్షే, చావు అర్థం తర్వాత అంటుకుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 22లో, రాళ్లతో కొట్టి చంపిన స్తెఫనుని ‘సాక్షి’ అనే అన్నారు, ‘హత’ లేదు.

కథోలికులు ‘వేదసాక్షి’ అంటారు, అదీ బానే ఉంది, మీ సంఘంలో ఏది అలవాటైతే అది వాడుకోండి. ‘అమరవీరుడు’ తప్పనను గానీ ఇప్పుడు ప్రతి ఫ్లెక్సీ మీదా అదే.

అన్నట్టు, కేరళలో త్రిస్సూర్ వైపు ఈయన పండగని ‘అంబు పెరునాళ్’ అంటారు, బాణాన్ని ఇంటింటికీ ఊరేగిస్తారు. ఆ అంబే మన అమ్ము. మనకేమో అమ్ములపొదిలో తప్ప పెద్దగా మిగల్లేదు, దాన్నీ క్రికెట్ రిపోర్టర్లు అరగదీసేస్తున్నారు.