అమ్మాయి బీటెక్: మూడో ఏడాది ఫీజు గురించి ఇప్పుడే ఆలోచించండి

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎంట్రన్స్ ర్యాంకు మీద బీటెక్ సీటు వచ్చింది. ఏడాదికి ఫీజు 2.4 లక్షలు, హాస్టల్ 1.2 లక్షలు. మావారికి చేతికొచ్చే జీతం 46 వేలు. నేను స్కూల్లో చేస్తాను, 16 వేలు ఇస్తారు. ఇంటి లోన్ ఈఎంఐ 14 వేలు, ఇంటి ఖర్చులు పోగా నెలకు 16 వేలు మిగులుతాయి. 7 లక్షల ఎఫ్‌డీ, 12 తులాల బంగారం ఉన్నాయి. బాబు తొమ్మిదో తరగతి. రెండేళ్ల ఫీజు ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తామని కాలేజీ వాళ్లు చెబుతున్నారు. ఎఫ్‌డీ తీసి కట్టేద్దాం, తర్వాతది తర్వాత చూద్దాం అంటారు మావారు. తక్కువ పడితే మా మరిది రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. చదువు పూర్తయ్యేసరికి పిల్ల నెత్తిన అప్పు ఉండకూడదని నాకు ఎడ్యుకేషన్ లోన్ అంటే భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అమ్మాయికి అభినందనలు చెప్పండి. ఇక సూటిగా చెబుతాను. రెండేళ్ల ఫీజు ఒకేసారి కట్టకండి. మరిది డబ్బు ముట్టుకోకండి. బంగారం అమ్మకండి. ఎడ్యుకేషన్ లోన్ మాత్రం మొదటి ఏడాది నుంచే తీసుకోండి. చేతిలో ఎఫ్‌డీ పెట్టుకుని అప్పు చేయడమేంటని మీవారు అడుగుతారు. నా జవాబంతా ఆ ప్రశ్నకే.

మీరు ఫీజు, హాస్టల్ కలిపి 14.4 లక్షలు అనుకుంటున్నారు. నా లెక్కలో అది 18.5 లక్షలు. ట్యూషన్ ఫీజు నాలుగేళ్లూ పెరగదనుకుంటేనే 9.6 లక్షలు (పెరగదని కాలేజీ కాగితం మీద రాసిచ్చిందా? లేకపోతే అడగండి). హాస్టల్ ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగేళ్లకు 5.4 లక్షలు. లాప్‌టాప్‌కు 60 వేలు వేశాను. ఫోను, బట్టలు, ఊరికి రాకపోకలు, చేతి ఖర్చు కలిపి నెలకు 4 వేలు అంటే మరో 1.92 లక్షలు. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ప్రాజెక్టులు, అదీఇదీ కలిపి ఏడాదికి 25 వేలు. అడ్మిషన్ రోజు ఎవరూ చెప్పని ఖర్చులివి. హాస్టల్ పెంపుతో కలిపితే మీ లెక్క కంటే 4 లక్షలు ఎక్కువ తేలాయి.

ఇప్పుడు బాబు సంగతి చూడండి. మీ ఉత్తరంలో ఒక్క మాటతో వదిలేశారు గానీ, నా దృష్టిలో అసలు విషయం అదే. అక్క బీటెక్ మూడో ఏడాదికి వచ్చేసరికి తమ్ముడు ఇంటర్‌లో ఉంటాడు. ఆమె నాలుగో ఏడాదిలో అతనిది ఇంటర్ సెకండియర్, ఆ వెంటనే అతని కౌన్సెలింగ్. ఇంటర్ కాలేజీల ఫీజులు ఎలా ఉంటాయో మొన్ననే చూశారు కదా. మీకు బిగించేది ఆ రెండేళ్లు. మొదటి ఏడాది ఎలాగోలా గట్టెక్కుతుంది: ఎఫ్‌డీ ఉంది, ఉత్సాహం ఉంది, బంధువులు కూడా అడిగితే ఇస్తారు. మూడో ఏడాది జూన్‌లో మళ్లీ 2.4 లక్షలు కట్టమన్నప్పుడు ఇవేవీ ఉండవు. మీవారు చెప్పినట్టు చేస్తే రెండేళ్ల ఫీజుకు 4.32 లక్షలు, హాస్టల్‌కు 1.2 లక్షలు, లాప్‌టాప్‌కు 60 వేలు పోయి, ఆగస్టుకల్లా 7 లక్షల్లో మిగిలేది 88 వేలు. ఆ నెలలో ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి పాలైతే మరిది రెండు రూపాయల వడ్డీ తప్ప దారి ఉండదు.

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలు తీసుకుంటే నెలకు 8 వేలు వడ్డీకే పోతాయి. నాలుగేళ్లలో 3.84 లక్షలు కట్టాక కూడా అసలు 4 లక్షలు అలాగే ఉంటుంది. అప్పు తీర్చడం ఆలస్యమైతే పండగలకు కూడా మాటలుండవు. ఆ బంధుత్వాన్ని ఇందులోకి లాగకండి.

ఇక 10 శాతం తగ్గింపు. 48 వేలు చిన్న మొత్తమేం కాదు. రెండో ఏడాది ఫీజును ఒక ఏడాది ముందు కట్టినందుకు అంత తగ్గిస్తే ఏ ఎఫ్‌డీ దానికి సాటిరాదు, ఒప్పుకుంటాను. అయినా వద్దంటాను. నెల రోజుల్లో ఇంకో కౌన్సెలింగ్‌లో మంచి సీటు రావచ్చు, అమ్మాయికి అక్కడ కుదరకపోవచ్చు. చదువు సాగే ఏడాదికో సెమిస్టర్‌కో తప్ప అంతకు మించి ముందుగా ఫీజు తీసుకోకూడదని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లోనే చెప్పింది. అందులోనే వాపసు లెక్క కూడా ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానేస్తే, 5 శాతం వరకు, అదీ 5 వేలకు మించకుండా కోసుకుని మిగతాది తిరిగివ్వాలి. ఆఖరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే రూపాయి కూడా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా సరిచూసి ఇచ్చేయాలి తప్ప కాలేజీలో అట్టిపెట్టుకోకూడదు. నియమం ఉన్నంత మాత్రాన డబ్బు దానంతట అదే వెనక్కి రాదని మీకూ తెలుసు. కాబట్టి ఒక్క ఏడాదికే కట్టి, రసీదు భద్రంగా ఉంచండి.

లోన్ ఎంత? 7.2 లక్షలు, అంటే ట్యూషన్ ఫీజులో ముప్పావు వంతు, ఏడాదికి 1.8 లక్షలు. ఈ అంకెకు ఒక కారణం ఉంది. 7.5 లక్షల వరకు విద్యారుణాలకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ నిధి (లోన్ తీరకపోతే బ్యాంకుకు హామీగా నిలిచే నిధి) అండగా ఉంటుంది. అందుకే ఆ లోపు లోన్‌కు బ్యాంకు ఇల్లో పొలమో తాకట్టు అడగకూడదు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. బ్రాంచిలో ఎవరైనా ఎల్ఐసీ బాండు పెట్టమంటే, అది ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలావరకు మాట అక్కడే ఆగిపోతుంది. నాలుగేళ్ల మొత్తానికి ఇప్పుడే శాంక్షన్ చేయించుకోండి, డబ్బు మాత్రం ఏటా విడుదలవుతుంది. అది నేరుగా కాలేజీ ఖాతాకే వెళుతుంది. విడుదలైన మొత్తం మీదే వడ్డీ పడుతుంది కాబట్టి, శాంక్షన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన నష్టం లేదు.

దరఖాస్తు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పథకం ఇది. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల (విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు) ఆధారంగా ఎంచిన సంస్థల్లో మీ యూనివర్సిటీ ఉంటే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియం కాలంలో (ఈఎంఐ కట్టనక్కర్లేని కాలం) 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. అయితే ఏటా లక్ష మంది విద్యార్థులకే ఆ రాయితీ. మీ ఇద్దరికీ చేతికొచ్చేది 7.44 లక్షలు, పీఎఫ్ కోతలు కలిపితే ఆ గీతకు బాగా దగ్గర. ఆదాయ ధ్రువపత్రం తీసుకునేటప్పుడే ఈ లెక్క చూసుకోండి. యూనివర్సిటీ ఆ జాబితాలో లేకపోయినా మామూలు లోన్ వస్తుంది. చాలా ప్రభుత్వ బ్యాంకులు అమ్మాయిలకు వడ్డీలో అర శాతం దాకా తగ్గిస్తాయి, అడగడం మర్చిపోకండి.

మీ భయం గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం. ఎడ్యుకేషన్ లోన్‌లో కుటుంబాలు దెబ్బతినేది ఎక్కువగా మారటోరియం దగ్గరే. చదువు సాగినంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది ఈఎంఐ ఉండదు కదా అని హాయిగా ఉంటారు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ కాలంలో వేసేది సాధారణ వడ్డీయే. కానీ కట్టకుండా వదిలేస్తే ఈఎంఐ మొదలయ్యే నాటికి అదంతా అసలులో కలుస్తుంది. 10 శాతం లెక్కన, ఏటా 1.8 లక్షలు విడుదలైతే అయిదేళ్లకు 2.52 లక్షల వడ్డీ పేరుకుని, 7.2 లక్షల అప్పు 9.72 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,850. అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే ఈఎంఐ 9,500 చిల్లర. పదేళ్లకు తేడా దాదాపు 4 లక్షలు. కొత్తగా ఉద్యోగంలో చేరి 25, 30 వేలు తెచ్చుకునే పిల్లకు నెలకు 3,300 తగ్గడం చాలా పెద్ద విషయం.

కాబట్టి వడ్డీ మీరు కట్టండి. మొదటి ఏడాది నెలకు 1,500 మాత్రమే. రెండో ఏడాది 3,000, తర్వాత 4,500, ఆఖరి ఏడాది 6,000. చదువుకునే రోజుల్లో వడ్డీ క్రమం తప్పకుండా కడితే రేటులో ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి. శాంక్షన్ లెటర్‌లో ఆ మాట ఉందేమో చదవండి.

మిగతా లెక్క ఇలా కుదురుతుంది. ఎఫ్‌డీలో 2.5 లక్షలు పక్కన పెట్టండి. ఈఎంఐతో కలిపి మీ ఇంటికి అయిదు నెలల ఖర్చు అది. కాలేజీ పేరు చెప్పి ఆ డబ్బు తీయకండి. మిగిలిన 4.5 లక్షలను నాలుగు ముక్కలు చేయండి: ఇప్పటికి 1.4, రెండో ఏడాదికి 1.1, మూడో ఏడాదికి 1.3, నాలుగో ఏడాదికి 70 వేలు. ఒక్కొక్కటి జూన్‌లో చేతికొచ్చేలా వేస్తే మధ్యలో ఎఫ్‌డీ విరిచి పెనాల్టీ కట్టే పని ఉండదు. నెలనెలా మిగిలే 16 వేలు హాస్టల్‌కు, లోన్ వడ్డీకి పోతాయి. చివరికి లక్షకు కాస్త తక్కువ లోటు కనిపిస్తుంది, దాన్ని ఎఫ్‌డీల మీద వచ్చే వడ్డీ దాదాపు పూడుస్తుంది. మీవారికి ఏటా వచ్చే ఇంక్రిమెంట్‌ను బాబు ఇంటర్ పేరు మీద రికరింగ్ డిపాజిట్ చేయండి. ఇది లేకుండా పై లెక్క నిలవదు. మీ మిగులు 16 వేలు కాగితం మీదే అయి, నిజంగా 10 వేలే మిగులుతుంటే మాత్రం నా లెక్క తప్పుతుంది. ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని చూడండి.

పన్ను ఆదా కోసం లోన్ తీసుకోమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. విద్యారుణ వడ్డీకి మినహాయింపు ఆదాయపు పన్ను పాత విధానంలోనే ఉంది. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు, కాబట్టి మీకు ఆ మినహాయింపుతో పని లేదు. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే మాత్రం మీవారి పేరు మీద కనీసం 50 లక్షలకు ఈ నెలలోనే తీసుకోండి.

ఏటా లోన్ విడుదల కావాలంటే బ్యాంకు మార్కుల మెమో అడుగుతుంది. బ్యాక్‌లాగ్‌లు పేరుకుని డిటెయిన్ అయితే ఆ ఏటి విడుదల ఆగుతుంది. కోర్సు గడువు పెంచమని అడగొచ్చు గానీ, ఆ ఏడాది హాస్టల్ ఖర్చు మీదే. ఈ మాట అమ్మాయికి బెదిరింపులా కాకుండా లెక్కలా చెప్పండి. ఏదైనా సబ్జెక్టు పోతే దాచకుండా చెప్పే చనువు ఆమెకు ఉండాలి. ఫెయిలైన పేపరు అయిదు నెలల తర్వాత తెలిసి, ఫీజు గడువు వారం రోజులుండగా పరుగులు పెట్టిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

నాలుగో ఏడాది అయిపోయిన రోజే జీతం మొదలవదు. 2022, 2023లో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ కోసం నెలల తరబడి ఎదురుచూసిన ఐటీ ఫ్రెషర్లు ఎంతోమంది. లోన్‌లో కోర్సు తర్వాత ఇచ్చే ఏడాది గడువు అలాంటప్పటికే పనికొస్తుంది. ఆ నెలల్లో పేయింగ్ గెస్ట్ (పీజీ) గది అద్దె, ఇంటర్వ్యూలకు తిరిగే ఖర్చు ఉంటాయి, లోన్ వడ్డీ 6,000 కూడా ఆగదు. అప్పటికి బాబు కౌన్సెలింగ్ కూడా వచ్చి ఉంటుంది. బంగారం అప్పటిదాకా కదపొద్దన్నది ఇందుకే. అవసరమైతే అప్పుడు నాలుగైదు తులాలు బ్యాంకులో కుదువపెట్టి, జీతం రాగానే విడిపించుకోవచ్చు.

ఈఎంఐ మొదలయ్యాక దాన్ని అమ్మాయే కట్టాలి. లోన్ ఆమె పేరు మీద ఉంటుంది, సక్రమంగా కడితే సిబిల్ స్కోరూ ఆమెకే పెరుగుతుంది. ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌ను బట్టి వడ్డీ మారే) లోన్ తీసుకోండి, ముందుగా తీర్చినా పెనాల్టీ ఉండదు. బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలు కడితే పదేళ్ల లోన్ ఆరేడేళ్లలో తీరిపోవచ్చు. దరఖాస్తు మాత్రం ఈ వారంలోనే పెట్టండి. లోన్ చేతికొచ్చేలోపు కాలేజీ గడువు ముంచుకొస్తే, రెండో ఏడాది కోసం అనుకున్న 1.1 లక్షలు, సరిపోకపోతే మూడో ఏడాది ముక్క నుంచి కొంత తీసి ఫీజు కట్టేయండి. కట్టిన రసీదు చూపిస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తారా అని బ్యాంకులో ముందే అడిగి తెలుసుకోండి.