డిశ్చార్జి కాగితం మారుతుందా?

ప్రశ్న: మావాడు అమెరికా ఆర్మీలో అఫ్ఘానిస్తాన్ వెళ్లొచ్చాడు. వచ్చాక నిద్ర లేదు, తాగుడు, డ్యూటీకి ఎగనామం. 2013లో ‘అదర్ దేన్ ఆనరబుల్’ (గౌరవప్రదం కాని డిశ్చార్జి) అని ఆర్మీ నుంచి పంపేశారు. ఆ కాగితం బీరువాలో చీరల కింద దాచాను. ఇప్పుడేమైనా చేయగలమా?
– ఒక తల్లి, డల్లాస్

జవాబు: చేయొచ్చమ్మా. ముందు ఆ కాగితం బయటికి తీసి తేదీ చూడండి. డిశ్చార్జయిన 15 ఏళ్లలోపు డీడీ 293 ఫారంతో డిశ్చార్జి రివ్యూ బోర్డుకు అర్జీ పెట్టుకోవాలి. అది దాటితే డీడీ 149తో రికార్డుల సవరణ బోర్డుకు. ఫీజేమీ లేదు. ‘మావాడు మంచివాడండీ’ అని రాస్తే మాత్రం పని జరగదు (తల్లులంతా అదే రాస్తారు!). నిద్రలేమికీ తాగుడికీ కారణం పీటీఎస్‌డీ (యుద్ధంలాంటి భయంకర అనుభవాలు మనసుపై మిగిల్చే జబ్బు) అని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేయండి. అలాంటి కేసుల్ని ఉదారంగా చూడాలని 2017 మార్గదర్శకాలు బోర్డులకు చెప్పాయి. సంతకం మీది కాదు, అబ్బాయిది.